పటం మెడలోని పూసలు

సూర్యాపేటలో కిరాయికి తీసుకున్న రెండు గదుల్లో పెద్ద గది గోడ ఒకటి మొత్తం ఒకే పటానికి ఇచ్చాను. ఇంటి ఓనరు భార్య మొదటి రోజే వచ్చి చూసి, "గింత పెద్ద పటం గీడ ఎందుకమ్మా, బీరువా పెట్టుకుంటే అయితది గదా" అంది.

బీరువాలో పెట్టడానికి ఏమీ లేదని ఆమెకు చెప్పాల్సిన అవసరం నాకు కనిపించలేదు. "అది అక్కడనే ఉంటది" అన్నాను. ఆమె ఇంకో మాట అనకుండా వెళ్లిపోయింది. మా ఇంటివాళ్ల గొంతులో ఆ గుణం ఒకటుంది. భూములు పోయాయి, మోతె దగ్గర మా గడి, దొరల కాలపు కోటలాంటి ఇల్లు, పోయింది, గొంతు మాత్రం ఎవరూ కొనుక్కోలేదు కాబట్టి మిగిలింది.

ఆ పటం, మన దేవతలకూ పురాణ స్త్రీలకూ ముఖాలిచ్చిన ఆ ప్రసిద్ధ దక్షిణాది చిత్రకారుడి బొమ్మకు అచ్చు ప్రతి. ఒకప్పుడు కాస్త కలిగిన ప్రతి ఇంట్లోనూ ఆయన అచ్చుబొమ్మలు ఉండేవి. మా దాంట్లో ఒక స్త్రీ వీణ ఒడిలో పెట్టుకుని కూర్చుని ఉంటుంది. వేళ్లు తీగల మీద ఉంటాయి కానీ ఆమె మనసు అక్కడ ఉండదు. తల కొద్దిగా తిప్పి చూస్తూ ఉంటుంది. పటాల్లో కళ్లు మనల్నే చూస్తున్నట్టుంటాయని అందరూ అంటారు. ఈమె అలా చూడదు. గదిలో ఎక్కడ నిలబడినా సరే, మన వెనక ఉన్న దేన్నో చూస్తుంది.

ఆ రోజుల్లో పటాలకు జరీ, చమ్కీలు అద్దడం చాలా ఇళ్లల్లో ఉండేదట. మా ఇంట్లో దాన్ని మించిన పద్ధతి ఒకటి వచ్చింది. ఇంటి ఆడమనిషి ఎవరైనా పోతే, ఆమె మెడలోని దండ నుంచి ఒక్క పూస తీసి ఈ స్త్రీ మెడలో కుట్టేవారు. ముత్యమో, పగడమో, బంగారు గుండో. కుట్టేది దారంతో కాదు. పోయిన మనిషి తలవెంట్రుకతోనే కుట్టాలి. ఆ పని ఇంట్లో ఉన్న విధవరాలే చేయాలి. పటం వెనక భాగాన్ని ఇంకెవరూ చూడకూడదు. ఎందుకని నేను అడగలేదు. మా ఇంట్లో అడిగే అలవాటు ఎవరికీ లేదు.

అలా ఆమె మెడ తరం తరానికీ నిండుతూ వచ్చింది. మా వాళ్ల నగలు ఒక్కొక్కటిగా అమ్ముడుపోయినా ఆ పూసల జోలికి ఎవరూ వెళ్లలేదు. తాగి తూలే మా చిన్న తాత కూడా వెళ్లలేదు.

నేను మిర్యాలగూడలోని అత్తవారింటి నుంచి 2001లో గడికి తిరిగి వచ్చాను. ఎందుకు వచ్చానో ఇక్కడ రాయను. వచ్చాను, అంతే. అప్పటికే నాన్న లేడు. అమ్మ వసారాలో నిలబడి, నన్ను లోపలికి రమ్మనక ముందే చెయ్యి చాచింది.

"పుస్తెలతాడు ఇటియ్యి."

తీసి ఇచ్చాను. ఆ సాయంత్రం అమ్మ నన్ను ముందు కూర్చోబెట్టుకుని తలకు నూనె రాసి దువ్వింది. నాకు ఆశ్చర్యం వేసింది. చిన్నప్పటి నుంచి నా జుట్టంటే ఆమెకు గిట్టదు. రాగి చెంబు తోమినట్టుండే రంగు. మా ఇంట్లో ముందుగానీ తర్వాతగానీ ఎవరికీ లేదు. "ఎక్కడి నుంచి వచ్చిందో గీ రంగు" అని, నా తల దువ్వడం పనివాళ్లకే అప్పజెప్పేది. ఆ రోజు మాత్రం తనే చాలాసేపు దువ్వింది. దువ్వెనలో మిగిలిన వెంట్రుకలను కింద పారేయకుండా వేలికి చుట్టుకుంది. మాటల్లో చెప్పలేని ప్రేమ అలా చూపించుకుంటోందనుకున్నాను.

అమ్మ పోయిన మూడేళ్లకు గడి పైకప్పు కూలింది. అప్పటికి ఇంట్లో మిగిలింది నేనూ, మా మేనత్తా. నాన్నకు అక్క ఆమె. పెళ్లయిన ఏడాదికే భర్త పోతే పుట్టింటికి వచ్చేసి, ఆ తర్వాత గడప దాటలేదు. మెడ బోసిగానే ముసలిదైంది. పటాన్ని పత్తి పరుపులో చుట్టి, ట్రాలీ ఆటోలో ఆమెను ఆ పరుపు పక్కన కూర్చోబెట్టి సూర్యాపేటకు తెచ్చాను. దారి పొడుగునా అత్తమ్మ ఒక చెయ్యి పరుపు మీదే వేసి ఉంచింది. మెత్తగా తట్టింది కూడా, పసిబిడ్డను తట్టినట్టు.

*

పాలిమర్ క్లే నా చేతికి వచ్చింది ఓనరు కూతురి వల్ల. ఇంజనీరింగ్ చదివే ఆ పిల్ల హైదరాబాదు నుంచి రంగురంగుల ముద్దలు తెచ్చుకుంది. రెండు రోజులు పిసికి విసుగెత్తి, "ఆంటీ, మీకు పనికొస్తయేమో" అని నా గడప దగ్గర పెట్టిపోయింది. చూడటానికి మట్టిలా ఉంటుంది కానీ మట్టి కాదు. చేతి వేడికి మెత్తబడుతుంది. చిన్న ఓవెన్‌లో తక్కువ వేడి మీద కాలిస్తే గట్టిపడుతుంది. నెట్ సెంటర్‌లో కూర్చుని వీడియోలు చూసి మిగతాది నేర్చుకున్నాను.

నేను చేసింది ఒకటే. ఆ చిత్రకారుడు వేసిన స్త్రీల ఒంటి మీది నగలు. పటంలోని ఆమె కంటె, జుకాలు, వంకీ, చేతి గాజుల అంచు. అద్దం మీద పల్చటి కాగితం పెట్టి గీసుకునేదాన్ని. ఊరూరా అమ్మే పువ్వులూ సీతాకోకచిలుకలూ చేయడం నాకు చేతకాదు. చేసినా నా చేత్తో చేసినట్టుండదు. పోయిన మా నగలన్నీ మళ్లీ ఒక్కొక్కటిగా నా బల్ల మీదికి రావడం మొదలైంది. బంగారం లేకుండా, బరువు లేకుండా వచ్చాయి.

ఈ పనిలో పెద్ద శత్రువు వేలిముద్ర. క్లే అన్నిటినీ పట్టేస్తుంది, ఎవరు ముట్టుకున్నా దాచుకుంటుంది. టాల్కం పౌడర్ వేలికి రాసుకుని, మెత్తటి కుంచెతో తుడిచి, కాల్చే ముందు ఒక్క గీత కూడా లేకుండా చూసుకునేదాన్ని. మనిషి చేసినట్టు తెలియకూడదు. అది నా పంతం.

మొదట్లో పటంలోని ఆమె ముఖంతో లాకెట్లు కూడా చేశాను. కోదాడలో ఒక ఫ్యాన్సీ స్టోర్ ఆవిడ వాటిని కౌంటర్‌లో పెట్టింది. వారం తిరక్కుండానే నన్ను పిలిపించింది.

"ఏవండీ, ఏమనుకోకండి. నగలు పెట్టండి, ఎన్నైనా పెడతాను. ఈ మొహాలు మాత్రం తీసుకెళ్లిపోండి."

"అమ్ముడు పోతలేవా?"

"పోవడం సంగతి తర్వాతండీ. నేను కౌంటర్లో కూర్చుంటే ఇవన్నీ నా వెనకాల ఎవరో నిలబడ్డట్టు చూస్తున్నాయి. మా ఆయనైతే గల్లాపెట్టె మీద తువ్వాల కప్పుతున్నాడు." ఆమె నవ్వింది కానీ, నవ్వుతూనే ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుంది.

ముఖాలు మానేశాను. కంటెలూ పగడాల దండలూ మాత్రం చేశాను. అవి బాగానే పోయాయి.

తర్వాత మిర్యాలగూడలోని ఒక రైస్‌మిల్లు వారింటి నుంచి కబురు వచ్చింది. కూతురి ఓణీల ఫంక్షన్‌కు పగడాల సెట్టు కావాలన్నారు. ఆ ఊళ్లో నేను 2001 తర్వాత కాలు పెట్టలేదు. ఇస్త్రీ చీర కట్టుకుని, బస్సులో ఎక్కడా ఆనుకోకుండా కూర్చుని వెళ్లాను. ఆ ఇంటావిడ సెట్టు చూసి మెచ్చుకుంది. దండలోని ఒక బిళ్లను వెనక్కి తిప్పి చూసింది. మరో బిళ్లను కూడా తిప్పింది.

"ఇదేందమ్మా, అన్నిటి ఎనక ఏలిముద్ర ఉన్నది? మీ కంపెనీ మార్కా?"

తీసుకుని చూశాను. ప్రతి బిళ్ల వెనకా ఒక బొటనవేలి ముద్ర ఉంది. నిండుగా, లోతుగా, ఆ ముద్రకు అడ్డంగా ఒక కోత గీతతో సహా కాలి గట్టిపడి ఉంది. నా బొటనవేలికి అలాంటి గీత లేదు.

"అవును, మార్కే" అన్నాను.

"మంచిగున్నది. ఎవరన్న కాపీ కొడితే తెలుస్తది." తర్వాత నా ముఖం వైపు పరీక్షగా చూసింది. "మిమ్మల్ని ఎక్కడనో చూసిన. మీరు ఈ ఊరి కోడలే గదా?"

"కాదు" అన్నాను.

*

ఇంట్లో ఆ గీత ఎవరి వేలికి ఉందో నాకు తెలుసు. చిన్నప్పుడు కత్తిపీట మీద తెగిన వేలు అది. నేను వచ్చేసరికి మధ్యాహ్నం కరెంటు కోత. ఫ్యాన్ లేదు. కిటికీ రెక్క సగం మూసి ఉంది. అత్తమ్మ నా బల్ల ముందు కూర్చుని ఉంది. అప్పటికే ఆమె కళ్లకు పొర కమ్మి వెలుతురూ నీడా తప్ప ఏమీ తెలిసేది కాదు. కాల్చడానికి పలక మీద పేర్చిపెట్టిన పగడాల మీద, బిళ్లల మీద ఆమె వేళ్లు మెల్లగా నడుస్తున్నాయి. ఒక్కొక్కదాన్నీ ఎత్తడం, బొటనవేలితో ఒత్తడం, మళ్లీ పెట్టేయడం.

"అత్తమ్మా, ఏం చేస్తున్నవ్?"

"ఎతుకుతున్న బిడ్డా."

"ఏం ఎతుకుతున్నవ్?"

"నన్ను" అంది, పప్పులో రాయి ఏరుతున్నంత మామూలుగా.

నేను పలకను ఆమె ముందు నుంచి జరిపాను. ఆమె చేతులు ఖాళీ బల్ల మీద అలాగే ఉండిపోయాయి.

"నువ్వు ఆమె దండ చూసి చేస్తున్నవ్ గదా. అందుల నాది ఒకటి ఉన్నది. ఏదో ఒకనాడు నీ చేతుల అది గుడ తయారైతది. ముట్టుకుంటే నాకు తెలుస్తది."

"నీది అందుల ఎట్ల ఉంటది? నువ్వు ఈడ ఉన్నవ్."

"బతికుండంగనే కుట్టిండ్రు." ఆమె గోడ వైపు ముఖం తిప్పింది. చూపు లేకపోయినా పటం ఎక్కడుందో ఆమెకు తెలుసు. "మీ అమ్మ పోయినప్పుడు కుట్టింది నేనే గదా. అప్పుడు నాకు చూపున్నది. ఎనక ఇప్పి సూస్తే అన్నీ తెల్ల ఎంట్రుకలే. ముసలోళ్లవి. వాటి నడుమ నల్లది, గింత పొడుగు." ఆమె ఇంకేదో అనబోయి పెదవులు కదిపి ఊరుకుంది. తర్వాత అంది, "నా మొగడు పోయిన పొద్దు నా పుస్తెలతాడు తెంపిండ్రు. అందులకెల్లి ఒక పగడం తీసి నన్ను కన్న మా అవ్వనే కుట్టేసింది. ఇంక దీనికి జరిగేదేమున్నదని."

"ఊకో అత్తమ్మా. ఎప్పటి ముచ్చట."

"ఎప్పటిదైతేంది. రేపు నేను సచ్చినంక యాడికి పోవాలె? నా జాగల ఎప్పుడో ఒకతె కూసున్నది."

ఆమె కోరింది ఒక్కటే. తను పోకముందే తన పగడాన్ని పటం నుంచి బయటికి తీయాలి. ఆమెకు చూపు లేదు కాబట్టి నేనే తీయాలి.

నేను ఒప్పుకోలేదు. పోయినవాళ్ల పూస కుట్టడానికి తప్ప ఆ పటాన్ని మా ఇంట్లో ఎవరూ విప్పలేదు. వేసింది తీయడం అసలే లేదు. మాకు మిగిలిన ఒకే ఒక్క వస్తువులో ఒక కంత పెట్టడం నా వల్ల కాదన్నాను. ఆమె వాదించలేదు. ప్రతి రోజూ అన్నం దగ్గర మాత్రం కూర ఏమిటని అడిగినట్టు అడిగేది.

"ఇయాల ఇప్పుదామా?"

"లేదు."

"సరే, జర చారు పొయ్యి."

*

వానలు మొదలయ్యాక ఆమెకు జ్వరం వచ్చింది. దవాఖానలో మూడు రోజులు పెట్టి పంపించారు. జ్వరం తగ్గింది కానీ మాట మారింది. కంచం ముందు పెడితే చేత్తో పక్కకు జరిపేది.

"నాకెందుకు పెడుతున్నవ్? గామెకు పెట్టు."

"ఎవరికి?"

"గోడ మీద ఉన్నదానికి. నేను గాడనే ఉన్న గదా. ఈడ కూసున్నది ఎవరో."

మొదట చిన్నపిల్లలను కసిరినట్టు కసిరాను. మర్నాడూ అదే మాట. మూడో రోజు నీళ్లు కూడా వద్దంది. పటం కింద గోడకు ఆనుకుని, వీణ పట్టుకున్న ఆమెలాగే తల కొద్దిగా పక్కకు తిప్పి కూర్చుంది. వెలుతురు లేని ఆమె కళ్లు కూడా నా వెనక ఉన్న దేన్నో చూస్తున్నట్టుండటం నేను గమనించాను. ఒకే గదిలో ఆ రెండు ముఖాల ఎదురుగా నిలబడటం నాకు సాధ్యం కాలేదు.

"ఇప్పుదాం పట్టు" అన్నాను.

ఆమె వెంటనే మనిషి అయింది. "ముందుగాల నీ క్లే ముద్ద ఇయ్యి. ఎర్రది. జాగ ఖాళీ ఉండొద్దు."

ఎరుపులో కొంచెం నారింజ కలిపి పగడం రంగు చేసి ఇచ్చాను. తన అరచేతుల మధ్య తనే చుట్టింది. గుండ్రంగా రాలేదు. బొటనవేలి ముద్ర దాని మీద అలాగే ఉండిపోయింది. నేను కుంచె తీస్తే నా చెయ్యి పట్టుకుంది. "ఉండనీ. నా మార్కు." సూదితో బెజ్జం పెట్టి కాల్చాను. అదృష్టం కొద్దీ అది అయ్యేవరకూ కరెంటు పోలేదు.

పటాన్ని దించి మంచం మీద బోర్లా పడుకోబెట్టాను. వెనక తుప్పు పట్టిన చిన్న మేకులు, గోధుమరంగు కాగితం. అట్ట తీస్తే దాని కింద బొమ్మకు అంటించిన గుడ్డ. దాని నుంచి పాత నూనె వాసన వచ్చింది, కిటికీలన్నీ మూసిన గదిలో ఎవరో ఇప్పుడే తల దువ్వుకుని లేచినట్టు.

"నల్లదాని దగ్గర కొయ్యి" అంది అత్తమ్మ పక్కనే కూర్చుని. "ఇంకేం సూడకు. ఇంటున్నవా? నల్లది ఒక్కటే."

గుడ్డ నిండా ముడులు. ముడి ముడికీ తెల్లటి వెంట్రుకలు బూజులా అణిగి ఉన్నాయి. వాటి మధ్య నల్లటిది వెంటనే దొరికింది. చిన్న కత్తెరతో కోశాను. బొమ్మను అంచు పట్టి ఎత్తితే ముందు వైపు పగడం మెత్తగా అద్దం మీదికి జారింది. తీసి అత్తమ్మ చేతిలో పెట్టాను. ఆమె దాన్ని ముట్టుకోగానే నోటితో చిన్న శబ్దం చేసింది. ఏడుపూ కాదు, నవ్వూ కాదు.

ఖాళీ అయిన చోట కొత్త పూస కుట్టడానికి సూదిలో దారం ఎక్కించి వంగాను. ఆ ముడికి పక్కనే ఇంకో ముడి ఉంది. దాని వెంట్రుక తెల్లది కాదు. నల్లదీ కాదు.

"అత్తమ్మా, ఇది ఎవరిది?"

ఆమె చేతిలోని పగడాన్ని పిడికిట్లో మూసింది. "ఏ రంగున్నది?" అని మెల్లగా అడిగింది. ఆమెకు తెలిసే అడిగింది.

"రాగి."

"సూడొద్దన్న గదా బిడ్డా."

వసారాలో చాచిన చెయ్యి, నూనె, చాలాసేపు నడిచిన దువ్వెన, వేలికి చుట్టుకున్న వెంట్రుకలు. అన్నీ వరుసగా వచ్చి నా ముందు నిలబడ్డాయి. 2001లో గడికి తిరిగి వచ్చిన రోజే నన్ను పటంలో పెట్టేశారు. ఆ తర్వాత నేను ఆ పటాన్ని ఎన్నిసార్లు తుడిచానో, దాని ముందు దీపం పెట్టానో, ఆ మెడలోని పూసలను చూసి ఎన్ని పగడాలు చేశానో. వాటిలో ఒకటి నాదే. కోదాడలో ఎవరో వేసుకుని తిరుగుతూ ఉండవచ్చు.

"అమ్మ కుట్టిందా?"

"ఇంకెవరు కుడతరు. మా అవ్వ నాకు కుట్టింది, మీ అమ్మ నీకు కుట్టింది. వాపస్ వచ్చిన ఆడపిల్లకు ఇంక ముంగట ఏముంటదని." నా చేతిని తడిమి అంది, "కత్తెర నీ చేతులనే ఉన్నది. నీది గుడ తీస్తవా?"

కత్తెరను ఆ ముడి దగ్గర పెట్టాను. పటం లోపలి నుంచి వచ్చే ఆ నూనె వాసన ఇంకా పోలేదు. వేళ్లకు చల్లగా తగిలింది లోహం. అప్పుడు నాకు ఇంకో సంగతి తోచింది. అత్తమ్మ తర్వాత ఈ ఇంట్లో ఉండేది నేనొక్కదాన్నే. నేను పోయాక నా పూస తీసి, నా వెంట్రుకతో కుట్టే మనిషి ఉండదు. దాన్ని ఇప్పుడు కోస్తే నేను ఎక్కడా లేకుండా పోతాను.

"వద్దు. ఉండనీ" అన్నాను.

"ఎందుకే?"

"నాకు కుట్టెటోళ్లు ఎవరున్నరు? అమ్మ చేసిపెట్టి పోయింది."

అత్తమ్మ ఆ రోజు మొదటిసారి నవ్వింది. "దొరసానివే నువ్వు. సావు పని గుడ ముందుగాల్నే చేయించుకున్నవ్."

కొత్త పూసను వెంట్రుకతో కుట్టవద్దంది అత్తమ్మ. మామూలు ఎర్ర దారంతో కుట్టాను. అట్ట, కాగితం, మేకులు మళ్లీ పెట్టాను. ఆమె తన పగడాన్ని ఇంకో ఎర్ర దారానికి ఎక్కించి మెడలో కట్టించుకుంది. రవిక లోపలికి వేసుకుంది. ఎవరికీ కనిపించదు. ఆ సాయంత్రం కంచం తనే దగ్గరికి లాక్కుంది.

*

అత్తమ్మ 2014 ఎండాకాలంలో పోయింది. నీళ్లు పోసేటప్పుడు వాడకట్టు ఆడవాళ్లు మెడలో దారం చూసి చేతులు ఆపేశారు.

"ఇదేందమ్మా? విధవ మెడల పగడం! తీసేద్దామా?"

"అది ఆమెదే. ఉండనియ్యండి" అన్నాను. మా ఇంటి గొంతుతోనే అన్నాను. ఎవరూ ముట్టుకోలేదు.

పటంలో కుట్టాల్సినది ఏమీ లేదు. ఆమె చోటు ఆమె బొటనవేలి ముద్రతోనే నిండి ఉంది. దండలో అది ఒక్కటే గుండ్రంగా ఉండదు. వెలుతురు పక్కగా పడితే ఆ కోత గీత కూడా కనిపిస్తుంది. అప్పటి నుంచి నేను చేసే బిళ్లల వెనక నా వేలిముద్రను చెరపడం మానేశాను. మిర్యాలగూడ ఆవిడ ఫోన్ చేసి మార్కు మారిందని అడిగింది. కంపెనీ చేతులు మారిందని చెప్పాను.

పటంలోని ఆమె ఇప్పటికీ నా వెనకకే చూస్తుంది. అద్దం తుడిచేటప్పుడు ఆ గాజులో నా ముఖం ఆమె మెడ దగ్గర, ఆ పగడాల మధ్య పడుతుంది. నా తల పూర్తిగా నెరిసింది. పటం వెనక ఉన్నది మాత్రం ఇంకా రాగి రంగులోనే ఉండి ఉంటుంది.